కింద ఉన్నవాళ్లదే దారి

ఫిబ్రవరి ఆఖరివారం కోటిపల్లి రేవులో పంటు ఎక్కేసరికి నా ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టులో ఉంది. గౌతమి దాటి ముక్తేశ్వరం రేవు చేరేలోపు నలుగురు పలకరించారు. మా ఊరి కొబ్బరికాయల వ్యాపారి మోటారుసైకిలు స్టాండు వేసి దగ్గరకొచ్చాడు.

"ఏంటండి మాస్టారూ, బండి మీంచి పడ్డారా?"

"కాదండి. కశ్మీరులో, మంచు మీద."

"అయ్యో. ఎవడన్నా వచ్చి గుద్దేశాడేంటండి?"

"నేనే గుద్దానండి. పన్నెండేళ్ల పాపని."

"పాపకేం కాలేదు కదండీ?" అన్నాడు వెంటనే. కాలేదన్నాను. "అంతే చాలండి, ఆయ్" అని వెళ్లి బండి పట్టుకున్నాడు. నా చేతి సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. పిల్లలకి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ నేర్పిస్తాను. ఆటలో దెబ్బ తగలకుండా చూడటమే నా ఉద్యోగంలో సగం. అలాంటివాణ్ణి ఇంకొకరి బిడ్డకి దెబ్బ తగిలించబోయాను కాబట్టే ఇది రాస్తున్నాను. నా దగ్గర చదువుకుని హైదరాబాదు, బెంగుళూరు వెళ్లిన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు, "మేమూ స్నోబోర్డు నేర్చుకుంటాం, ఎలా ఉంటుందండి?" అని అడిగారు. రెండు కాళ్లూ ఒకే పలకకి బిగించుకుని మంచువాలు మీద జారే ఆట అది. వాళ్లకి ఫోనులో చెప్పింది చాలలేదనిపించింది.

దాళ్వా నాట్లు మొదలయ్యే రోజుల్లో మా అక్క కొడుకు బెంగుళూరు నుంచి ఫోను చేశాడు. "మావయ్యా, ఫిబ్రవరిలో గుల్మార్గ్ వెళ్తున్నాం, నువ్వూ రావాలి. రెండు నెలలు టైముంది, కాళ్లు గట్టి చేసుకో" అన్నాడు. వాడు నాలుగేళ్లుగా స్నోబోర్డు తొక్కుతున్నాడు. నేను మంచు చూడలేదు. మా ఊళ్లో వాలు అనదగ్గది ఏటిగట్టు ఒక్కటే. దానికి ఇటు పక్క కొబ్బరితోటలు, అటు పక్క లంకలు. మిగతాదంతా పళ్లెంలా చదునైన నేల.

అయినా చేతిలో ఉన్నవాటితోనే తయారయ్యాను. మూరెడు కొబ్బరిదుంగ ముక్క కోయించి, దాని మీద బల్ల వేసి, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడేవాణ్ణి. మొదటి వారం అర నిమిషం నిలవలేదు. నెలయ్యేసరికి ఒక చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడగలిగాను. ఇంకొకటి గోడకుర్చీ. బళ్లో శిక్షగా వేయించే గోడకుర్చీని రోజూ మూడు నిమిషాలు నేను వేశాను. తొడల్లో మంట ఎలా ఉంటుందో తెలిశాక, ఇక ఏ పిల్లాడికీ దాన్ని శిక్షగా వేయించకూడదని నిర్ణయించుకున్నాను. వ్యాయామంగా అందరితో వేయిస్తాను, వాళ్లతోపాటు నేనూ వేస్తాను.

బోర్డు మీద ఏ కాలు ముందుండాలో కూడా ఇంటి దగ్గరే తేలింది. మా వాడు చెప్పినట్టు అరుగు మీద కళ్లు మూసుకుని నిలబడితే, మా ఆవిడ చెప్పాపెట్టకుండా వెనకనించి నెట్టింది. ఎడమ కాలు ముందు పడింది. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ అంటారు. ఎవరి శరీరం దేనికి ఒదిగితే అదే వాళ్ల పద్ధతి. పక్కవాడు అలా నిలబడ్డాడని మనం మార్చుకోకూడదు.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది గడ్డిమోపుల ఆడవాళ్ల నడక. లంకల్లోంచి గడ్డి కోసుకుని నెత్తిన మోపుతో ఏటిగట్టు ఎక్కి, మళ్లీ ఊరివైపు దిగుతారు. గట్టు తడిగా ఉంటే నేరుగా దిగరు. వాలుకి అడ్డంగా తిరిగి, మడమలు గుచ్చుతూ, మోకాళ్లు కొంచెం వంచి, అడుగు అడుగుగా జారనిస్తూ దిగుతారు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. అది మంచు మీద మొదటి పాఠమని గుల్మార్గ్‌లో తెలిసింది.

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్లు. తంగ్‌మార్గ్ దగ్గర చక్రాలకి గొలుసులు కట్టిన బండిలోకి మారాం. గుల్మార్గ్ ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 2,650 మీటర్లు. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాడికి మొదటిరోజు మెట్లెక్కినా ఆయాసమే. ఆ రోజు బోర్డు ముట్టుకోకుండా నీళ్లు తాగుతూ ఊరికే నడవమన్నారు. నడిచాను.

మా శిక్షకుడు అక్కడి కుర్రాడే, పాతికేళ్లుంటాయి. అందరూ ఉస్తాద్ అని పిలుస్తున్నారని నేనూ అలాగే పిలిచాను. అతను ముందు నేర్పింది పడటం. ముందుకి పడితే పిడికిళ్లు బిగించి మోకాళ్లూ ముంజేతుల మీద పడాలి. వెనక్కి పడితే గడ్డం రొమ్ముకి ఆనించి, కూలబడి వీపు మీద దొర్లాలి. అరచెయ్యి మాత్రం చాచకూడదు. బోర్డు నేర్చుకునేవాళ్లకి ఎక్కువగా విరిగేది మణికట్టేనని, తలకి హెల్మెట్ ఎంత ముఖ్యమో మణికట్టుకి రక్షణపట్టీ అంత ముఖ్యమని చెప్పాడు. కబడ్డీలో పడటం ఇరవై ఏళ్లుగా నేర్పిస్తున్నవాణ్ణి కదా, తేలిగ్గానే తలకెక్కింది. తలకెక్కడం వేరు, చేతికెక్కడం వేరని తర్వాత తెలిసింది.

రెండోరోజు మడమ అంచు మీద జారడం. బోర్డుని వాలుకి అడ్డంగా పెట్టి, మడమల వైపు అంచుని మంచులోకి దించితే ఆగుతుంది. మునివేళ్లని పిసరంత దించితే కర్రుమని గీసుకుంటూ జారుతుంది. చూపు ఎటుంటే భుజం అటు, భుజం ఎటుంటే బోర్డు అటు. గడ్డిమోపు ఆడవాళ్లే గుర్తొచ్చారు. తర్వాత ఎడమకీ కుడికీ, రాలుతున్న ఆకులా. ఆ తర్వాత వాలువైపు వీపు పెట్టి మునివేళ్ల అంచు మీద. ఎగువ అంచు మీద ఉండాల్సిన బరువు క్షణం ఏమరుపాటున దిగువ అంచు మీద పడిందా, అది మంచులో కరుచుకుని మనిషిని గుంజ పీకినట్టు విసిరేస్తుంది. మూడుసార్లు విసిరేసింది. హెల్మెట్ లేకపోతే రెండోదానికే ఇంటికి పంపేవారు.

రోజంతా అతను విసుక్కోకుండా చెప్పినవి కొన్ని ఉన్నాయి. బోర్డు విప్పితే బైండింగులు, అంటే బూట్లు బిగించే పట్టీలు, కిందకి వచ్చేలా బోర్లించి పెట్టాలి. మూడోరోజు ఎవరో బోర్డుని మామూలుగా నేలమీద పెట్టి చేతిగ్లవుజు సరిచేసుకుంటున్నారు. అది కదిలింది. మనిషి లేని బోర్డు, ఇనుప అంచులతో, స్లెడ్జి బళ్ల మీద కూర్చున్న పిల్లలవైపు బాణంలా పోయింది. ఒక స్లెడ్జి లాగే ఆయన కాలు అడ్డం పెట్టి ఆపబోయి, చివరి క్షణంలో పక్కకి తప్పుకున్నాడు. అది వెళ్లి మంచుకుప్పలో సగందాకా దిగబడింది. అక్కడెవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ పూట నుంచి నేను బోర్డు ఎక్కడ పెట్టినా ముందు బోర్లించి, మీద మంచు కప్పేవాణ్ణి.

లిఫ్టు దగ్గర వెనక కాలు విప్పుకుని, ముందు కాలితో బోర్డుని ఈడ్చుకుంటూ వరసలో నిలబడాలి. ఎదటివాళ్ల స్కీల మీద, అంటే ఒక్కో కాలికి ఒకటిగా కట్టుకునే పొడవాటి పలకల మీద, మన బోర్డు ఎక్కించకూడదు. పైకెళ్లి దిగగానే అక్కడే నిలబడిపోకుండా పక్కకి జరగాలి, వెనక ఇంకొకరు దిగుతారు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పంటు రేవుకి ఆనగానే ముందున్నవాళ్లు దారి వదలకపోతే వెనక బళ్లకి ఏమవుతుందో రోజూ చూసేదే.

సాయంత్రాలు గదిలో బుఖారీ, అంటే గది వెచ్చబరిచే పొయ్యి, చుట్టూ కూర్చునేవాళ్లం. నేను తీసుకెళ్లిన ఆత్రేయపురం పూతరేకులు ఉస్తాద్‌కి పెడితే, కాగితంతో సహా తినాలా అని అడిగాడు. అది కాగితం కాదు, బియ్యప్పిండి రేకు అంటే నమ్మడానికి రెండోది తిన్నాడు. అప్పుడే పది నియమాల గురించి చెప్పాడు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లో పెట్టినవి, స్కీకైనా బోర్డుకైనా అవే. సంకేతాలు పాటించాలి, ఎక్కేవాళ్లు అంచునే నడవాలి, కదలబోయే ముందు ఎగువా దిగువా చూడాలి, ఇరుకు దగ్గరా మరుగు దగ్గరా ఆగకూడదు. ఇలా చెప్పుకొచ్చి ఒకదాని దగ్గర ఆగాడు. "వెనకనించి, అంటే పైనుంచి వచ్చేవాడిదే బాధ్యత. కింద ఉన్నవాళ్లు వంకరగా పోనీ, ఉన్నట్టుండి తిరగనీ, పడిపోనీ. దారి వాళ్లది. వాళ్లకి వీపున కళ్లుండవు" అన్నాడు.

మా వాడు దీనికి ఇంకో సంగతి కలిపాడు. బోర్డు పుట్టింది 1965 క్రిస్మస్ నాడు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ల కోసం రెండు స్కీలు కలిపి బిగించాడట. భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. 1977లో వెర్మాంట్‌లో జేక్ బర్టన్ కార్పెంటర్ బోర్డుల కంపెనీ మొదలుపెట్టాడు. 1998 నగానో ఒలింపిక్స్ నాటికి పతకాల ఆట అయింది. అయినా అమెరికాలో ఆల్టా, డీర్ వ్యాలీ, మ్యాడ్ రివర్ గ్లెన్ అనే మూడు స్కీ కేంద్రాల్లో ఇప్పటికీ బోర్డువాళ్లని రానివ్వరు. "మన మీద చెడ్డపేరుంది మావయ్యా. దారి మధ్యలో చతికిలబడతామని, వెనకవైపు చూడమని" అన్నాడు. స్కీ మీద మనిషి ఎదురుగా చూస్తూ దిగుతాడు. బోర్డు మీద పక్కకి తిరిగి ఉంటాం. నాలాగా ఎడమ కాలు ముందుపెట్టేవాడికి ఎడమవైపంతా వీపు వెనకే. ఆ వైపు తిరగాలంటే ముందు భుజం మీదుగా తల తిప్పి చూడాలి, తర్వాతే తిరగాలి.

ఇవన్నీ విన్నాను. తల ఊపాను. అయినా చేశాను.

ఐదోరోజు గొండోలా, అంటే తీగకి వేలాడుతూ కొండెక్కే పెట్టెబండి, మొదటి మజిలీ కొంగ్‌డూరికి తీసుకెళ్లారు. అప్పటికి రెండువైపులా మలుపులు కలపగలుగుతున్నాను. ఎండ బాగా కాసింది, మంచు మెత్తగా ఉంది, చెట్ల మధ్య వాలు తెల్లటి దుప్పటి పరిచినట్టుంది. మణికట్టు పట్టీలు గ్లవుజు కింద బిగుతుగా ఉన్నాయని ఆ పొద్దున గదిలోనే వదిలేశాను. మూడుసార్లు దిగాను. మూడోసారి ఒక్కసారీ పడలేదు. ఆ సంతోషంలో నాలుగోసారి కొంచెం వేగం పెంచాను.

కుడివైపు మలుపు చక్కగా వచ్చింది. ఎడమవైపు మడమ అంచు మీదకి తిరిగాను. భుజం మీదుగా చూడలేదు. చూసి ఉంటే కనిపించేది. నాలుగైదు గజాల దిగువన ఎరుపు జాకెట్టు వేసుకున్న పిల్ల, స్కీలు ముందు కలిపి నాగలిలా పెట్టుకుని నెమ్మదిగా దిగుతోంది. నా బోర్డు ముక్కు ఆమె స్కీ తోకకి తగిలింది. ఆమె కూలబడింది, ఒక స్కీ ఊడింది. నేను ఆమె మీద పడకుండా ఒరిగి, ఎడమ అరచెయ్యి చాచాను. చాచకూడదని ఎన్నిసార్లు చెప్పారో.

చిటుక్కుమన్న చప్పుడు వినపడింది కానీ నొప్పి తెలియలేదు. అప్పటికి నా చూపంతా ఆ పిల్ల మీదే ఉంది. కదలకుండా పడుకుని ఆకాశంలోకి చూస్తోంది. ఒక్క క్షణమే అయ్యుంటుంది. తర్వాత కళ్లు తిప్పి, "నా స్కీ ఏదీ?" అంది హిందీలో.

ఉస్తాద్ పైనుంచి వచ్చాడు. ముందు చేసిన పని, మాకు పది గజాల ఎగువన తన స్కీలు రెండూ విప్పి అడ్డంగా ఒకదాని మీద ఒకటి గుచ్చడం. పైనుంచి వచ్చేవాళ్లకి ఇక్కడ మనిషి పడి ఉన్నాడని గుర్తు. తర్వాత పిల్ల దగ్గర కూర్చుని పేరు అడిగాడు, మెడ నొప్పిగా ఉందా, వేళ్లు కదుపు, మోకాలు వంచు అన్నాడు. అన్నీ బాగున్నాయి. అప్పుడు నావైపు తిరిగి ఒకటే అడిగాడు.

"పైన ఎవరు?"

"నేనే."

"ఆమెని చూశావా?"

"లేదు."

ఇంకేం అనలేదు. తిట్టినా బాగుండేది. పిల్ల తండ్రి దిగివచ్చాక నా పేరు, ఫోను నంబరు, ఉంటున్న హోటలు చెప్పాను. ఇవ్వడం నియమం, కానీ నియమం కాకపోయినా ఇచ్చేవాణ్ణి. తప్పు నాదేనండి, చూసుకోలేదు అన్నాను. ఆయన కూతురి హెల్మెట్ తీసి తల తడిమి, మళ్లీ పెట్టి, "రాత్రికి తలనొప్పి, వాంతి ఏమన్నా ఉంటే ఫోను చేస్తాను" అన్నాడు. ఆ రాత్రి ఫోను దిండు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. పొద్దున్న నేనే చేశాను. బ్రెడ్డు తింటోంది, మళ్లీ వాలు ఎక్కుతానంటోంది అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

నా మణికట్టు ఎముక చిట్లింది, ఆరువారాల కట్టు. పట్టీ ఉండి ఉంటే విరిగేది కాదేమో. దాని గురించి నాకు బాధ లేదు. బాధంతా ఆ పిల్ల ఆకాశంలోకి చూసిన ఒక్క క్షణం.

మిగతా మూడు రోజులూ కట్టుతోనే ఉండి చూశాను. మా వాడు గొండోలా రెండో మజిలీ మీదుగా అఫర్వాట్ కొండ పైకి వెళ్లాలని ఏర్పాట్లు చేసుకున్నాడు. ఆ చోటు 3,900 మీటర్లు దాటుతుంది. హద్దు తాడు దాటితే తొక్కి సిద్ధం చేసిన వాలు కాదు, మంచుచరియలు విరిగిపడే నేల. మంచు కింద పూడుకుపోయినవాళ్ల జాడ చెప్పే యంత్రం, పొడవాటి గుచ్చుడు కర్ర, పార ప్రతివాడి దగ్గరా ఉండాలి, వాడటం వచ్చి ఉండాలి, గైడు ఉండాలి. అన్నీ ఉన్నాయి. కానీ రాత్రంతా గాలితో మంచు కురిసింది, పొద్దున్న గైడు వద్దన్నాడు. మా వాడు మొహం ముడుచుకున్నాడు.

"మంచుచరియల ప్రమాదానికి ఐదు మెట్లుంటాయన్నావు కదా, మన గోదావరి వరదకి మూడున్నాయి" అన్నాను. "ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది వేశాక లంకలో పశువులుంటే మీ తాతయ్య ఏం చేసేవాడు?"

"తోలుకొచ్చేసేవాడు."

"నీళ్లు గట్టుకి ఇంకా ఎంతో దూరం ఉన్నాయి కదా అని ఆగేవాడా?"

వాడు బూట్లు విప్పేశాడు. ఆ పగలంతా కిటికీ దగ్గర కూర్చుని ఉప్పు టీ తాగాం. నాకు ఆ టీ చివరిదాకా అలవాటు కాలేదు.

ఇంటికొచ్చాక ఏప్రిల్లో కట్టు విప్పారు. ఈలోగా పుత్తూరు వెళ్లమని చెప్పినవాళ్లు పదిమందికి తక్కువుండరు. వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం ఏటిగట్టు మీద నడుస్తుంటే పిల్లల కేకలు వినపడ్డాయి. గట్టు ఊరివైపు వాలు మీద బిందెలతో నీళ్లు పోసి గడ్డి తడిపి, ఎండు కొబ్బరిమట్టల మొదళ్ల మీద కూర్చుని జారుతున్నారు. మేమూ జారినవాళ్లమే. కింద పుంత దారి ఉంది. సైకిళ్లు, గేదెలు, మనుషులు పోతుంటారు. ఒకడు జారుతుండగానే వెనక ఇంకొకడు, జారినవాడు మధ్యలోంచే మళ్లీ పైకి ఎక్కడం. ఫిబ్రవరికి ముందైతే నవ్వుకుని వెళ్లిపోయేవాణ్ణి.

అందర్నీ గట్టు మీద కూర్చోబెట్టాను. ఎర్ర జాకెట్టు పాప సంగతి చెప్పాను, తప్పు నాదని కూడా చెప్పాను. మాస్టారు తప్పు చేశాననడం వాళ్లకి కొత్త. ఒకడు, "మరి ఆవిడ పక్కకి తప్పుకోవచ్చు కదండీ?" అన్నాడు. "నీ వీపు మీద ఏముందో చెప్పు" అన్నాను. వాడు చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నాడు. చొక్కాకి ఎండుగడ్డి అంటుకుంది. వాడికి అప్పటిదాకా తెలియదు.

అక్కడికక్కడే వాళ్లే ఏర్పాటు చేసుకున్నారు. ఎక్కేవాళ్లు కొబ్బరిచెట్టు పక్కనుంచి ఎక్కాలి. ముందువాడు లేచి పక్కకి జరిగాకే తర్వాతివాడు. చేతులు చాచకూడదు, మట్ట ఈనె పట్టుకోవాలి. పుంతలో మనిషి కనపడితే ఆగాలి. మర్నాటికి మానేస్తారేమో అనుకుని మర్నాడు కూడా వెళ్లాను.

నిన్న తన వీపు తడుముకున్నవాడే పైన మట్ట మీద కూర్చుని ఉన్నాడు, కాళ్లు రెండూ గడ్డిలో గుచ్చి. వెనక వరసలో నలుగురు "పోరా, పోరా" అంటున్నారు. కింద పుంతలో గడ్డిమోపుతో ఒక ముసలావిడ వస్తోంది. మోపు బరువుకి మెడ తిరగదు, పైకి చూడలేదు. వాడు వెనక్కి చెయ్యి చూపించి, "ఉండండ్రా, మామ్మ దాటనియ్యండి" అన్నాడు.

ఆవిడ నెమ్మదిగానే దాటింది. వాళ్లు ఆగారు.